అడుగు లేని పోర్టాఫిల్టర్ కొనాలా, కోయించాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండలో మా ఇంట్లో రెండు ఎస్ప్రెసో కాఫీ మెషిన్లున్నాయి. ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్న 58 ఎంఎం మెషిన్, ఇంకొకటి 51 ఎంఎం చిన్నది. పెద్దదానికి బాటమ్‌లెస్ పోర్టాఫిల్టర్‌ను ఇక్కడే లేత్ షాపులో కోయించాను. చిన్నదానికి కూడా కోయించబోయి, ఉన్నది చెడగొట్టుకుని, చివరికి కొన్నాను. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి మిర్యాలగూడ నుంచి, మహబూబ్‌నగర్ నుంచి, ఈమధ్య వనపర్తి నుంచి కూడా ఫోన్లు వస్తున్నాయి. అందరూ దాదాపు అవే అడుగుతున్నారు కాబట్టి అన్నీ ఒకచోట రాసిపెడుతున్నా.

అసలు బాటమ్‌లెస్ అంటే ఏంటి?

మెషిన్‌కి కింద నుంచి బిగించే హ్యాండిల్ ఉంటుంది కదా, అదే పోర్టాఫిల్టర్. దాని గిన్నెలో చిల్లుల బాస్కెట్ కూర్చుంటుంది. బాస్కెట్‌లోంచి కారిన కాఫీ గిన్నె అడుగున చేరి, ఒకటో రెండో ముక్కుల గుండా కప్పులో పడుతుంది. ఆ అడుగునీ ముక్కులనీ తీసేస్తే మిగిలేదే బాటమ్‌లెస్. నేకెడ్ అని కూడా అంటారు. కిందికి వంగి చూస్తే బాస్కెట్ అడుగు మొత్తం కనిపిస్తుంది.

మా లేత్ అన్న మొదటిసారి చూసి, "మంచిగున్న సామాన్‌కు బొక్క వెట్టమంటున్నవ్, ఏంది సారూ గిది?" అన్నాడు. ఆయన అనుమానంలో న్యాయముంది. వస్తువుగా చూస్తే దీంట్లో కొత్తగా చేరింది ఏమీ లేదు, పోయిందే ఉంది.

దీంతో కాఫీ రుచి పెరుగుతుందా?

దానంతట అది పెంచదు. క్రీమా, అంటే కాఫీ పైన తేలే నురగ, ముక్కుల్లో తగిలి విరగదు కాబట్టి కొంచెం మందంగా కనిపిస్తుంది. ముక్కుల లోపల పేరుకునే పాత నూనె వాసన ఉండదు. రుచిలో మీకు కనబడే తేడా అక్కడికే సరి.

అసలు పని వేరే. మీరు పొడిని సరిగ్గా పరిచారా, ట్యాంపర్ (పొడిని బాస్కెట్‌లో అదిమే బిళ్ల) వంకరగా నొక్కారా, నీళ్లు పొడిలో ఒకే పక్క దారి చేసుకుని పారిపోతున్నాయా అన్నది ముక్కులున్న పోర్టాఫిల్టర్‌లో తెలీదు. ఎంత చెత్త షాటైనా (ఒకసారి దింపే కాఫీని షాట్ అంటారు) ముక్కుల్లోంచి రెండు అందమైన ధారలుగానే దిగుతుంది. అడుగు తీసేశాక దాచడానికి ఏమీ ఉండదు. ఎక్కడ తప్పు జరిగిందో అక్కడే కనిపిస్తుంది, ఒక్కోసారి మీ చొక్కా మీద కూడా. ఆ తప్పు సరిచేసుకుంటే రుచి పెరుగుతుంది. సరిచేసుకునే ఓపిక లేకపోతే ఆ డబ్బులతో మంచి గింజలు కొనుక్కోండి.

చిన్న మెషిన్లవాళ్లకు ఇంకో లాభం ఉంది. ముక్కులు పోయిన మేరకు కప్పుకి ఎత్తు దొరుకుతుంది. కప్పు కింద తూకం మిషన్ పెట్టాలంటే చోటు చాలక తిప్పలు పడేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

నా మెషిన్‌కి ఏ సైజు?

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. సైజు అంటే బాస్కెట్ లోపలి వ్యాసం, అంటే మీ ట్యాంపర్ వ్యాసానికి దగ్గరగా ఉండే అంకె. ఇళ్లలో ఎక్కువగా కనిపించేవి మూడు. డెలాంగీ డెడికా, ఇంకా చాలా చవక మెషిన్లు 51 ఎంఎం. బ్రెవిల్ బాంబినో, బరిస్టా ఎక్స్‌ప్రెస్ లాంటివి 54. గాజియా క్లాసిక్, రాంచిలియో సిల్వియా, కఫేల్లో ఉండే పెద్ద మెషిన్లలో చాలా మటుకు 58. ఫాయెమా కంపెనీ 1961లో తెచ్చిన ఇ61 గ్రూప్ (మెషిన్‌లో పోర్టాఫిల్టర్ బిగుసుకునే భాగం) కూడా 58 ఎంఎందే. ఆ డిజైన్‌ను ఇప్పటికీ ఎన్నో కంపెనీలు వాడుతున్నాయి.

అయితే సైజు కలిసినంత మాత్రాన పని అవ్వదు. పోర్టాఫిల్టర్ పక్కల బయటికి పొడుచుకొచ్చిన చెవులుంటాయి, మెషిన్‌లోకి దూరి తిరిగి బిగుసుకునేవి. కొన్నిటికి రెండు చెవులు, కొన్నిటికి మూడు. ఒకే 51 ఎంఎంలో కూడా రెండు చెవులవి ఉన్నాయి, మూడు చెవులవి ఉన్నాయి. చెవి మందం అర ఎంఎం తేడా వచ్చినా హ్యాండిల్ ఎక్కదు, లేదంటే ఎక్కినా బిగుసుకోదు. రెండు 58 ఎంఎం మెషిన్ల పోర్టాఫిల్టర్లు ఒకదానికొకటి పట్టకపోవడం మామూలే. అందుకే ఆర్డర్ పెట్టేముందు చెవులు లెక్కపెట్టండి, మీ మెషిన్ మోడల్ నంబర్ ఆ వస్తువు వివరాల్లో ఉందో లేదో చూడండి. వెర్నియర్ కాలిపర్ లేకపోతే దగ్గర్లోని లేత్ షాపుకో మోటార్ వైండింగ్ షాపుకో పట్టుకెళ్లండి. రెండు నిమిషాల పని, ఊరికే కొలిచి చెప్తారు.

మెషిన్‌తో వచ్చిన బాస్కెట్టే వాడొచ్చా?

అది సింగిల్ వాల్ అయితే వాడొచ్చు. డబుల్ వాల్ అయితే దండగ.

చూడటం తేలిక. బాస్కెట్‌ను లైటుకు ఎదురుగా పట్టుకోండి. అడుగంతా వందల చిల్లుల్లోంచి వెలుతురు కనిపిస్తే సింగిల్ వాల్. పైనుంచి చూస్తే చిల్లులుండి, కింద తిప్పి చూస్తే మధ్యలో ఒకే ఒక్క సూదిబెజ్జం ఉంటే డబుల్ వాల్. ఈ రెండో రకంలో పొడి ఎలా ఉన్నా ఆ ఒక్క బెజ్జమే ఒత్తిడి పుట్టిస్తుంది, నురగ తెప్పిస్తుంది. దాన్ని బాటమ్‌లెస్‌లో పెడితే ఒకే ధార పిచికారీలా చిమ్ముతుంది. మీ గ్రైండ్ గురించి గానీ ట్యాంపింగ్ గురించి గానీ అది మీకేమీ చెప్పదు.

సింగిల్ వాల్‌కి మారితే ఇంకో ఖర్చు వెంటే వస్తుంది. ఆ బాస్కెట్‌లో ఒత్తిడి పుట్టించాల్సింది పొడే. షాపులో దొరికే పొడితో అది కుదరదు. సన్నగా, ఎప్పటికప్పుడు సర్దుకోగలిగేలా పట్టే గ్రైండర్ కావాలి. ఇంట్లో గ్రైండర్ లేనివాళ్లు బాటమ్‌లెస్ సంగతి ఇప్పుడే మరిచిపోవడం మంచిది. ముందు గ్రైండర్, తర్వాతే ఇది.

కొనడం మంచిదా, కోయించడం మంచిదా?

51, 54 అయితే కొనండి. ఆన్‌లైన్‌లో తేలిగ్గా దొరుకుతున్నాయి, చాలాసార్లు సింగిల్ వాల్ బాస్కెట్ కూడా కలిపే ఇస్తారు. 58 అయితే, పాత ఇత్తడి పోర్టాఫిల్టర్ ఒకటి అదనంగా చేతిలో ఉంటే కోయించండి. నాకు లేత్ మజూరీ కింద పోయింది ఒక పూట భోజనం ఖర్చంత.

ఉన్న ఒక్కగానొక్క పోర్టాఫిల్టర్‌ను మాత్రం కోయించకండి. కోసింది తిరిగి అతకదు. పైగా కోస్తే దాని వారంటీ అక్కడితో సరి. మెషిన్ ఎప్పుడైనా సర్వీసుకు వెళ్తే అసలుది పక్కన ఉండాలి. ఇంటికి నలుగురు చుట్టాలొస్తే రెండు ముక్కులదే పనికొస్తుంది.

ఏ పోర్టాఫిల్టరైనా కోయొచ్చా?

ముందు అయస్కాంతం అంటించి చూడండి, తర్వాత చేత్తో బరువు చూడండి. కఫే రకం 58 ఎంఎం పోర్టాఫిల్టర్లు సాధారణంగా ఇత్తడితో చేసి పైన క్రోమ్ పూత వేసినవి. అయస్కాంతం అంటదు, చేతికి బరువుగా తగులుతుంది. ముక్కు విప్పితే లోపల మరలో పసుపు రంగు కనిపిస్తుంది. ఇది లేత్ మీద వెన్నలా తెగుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలైతే తెగుతుంది గానీ టూల్ గట్టిది కావాలి, మేస్త్రీకి విసుగు.

చిన్న మెషిన్లతో వచ్చేవి చాలావరకు అల్యూమినియం. గోడ పలచన, లోపల ప్లాస్టిక్ ముక్క కూడా ఉండొచ్చు. నా 51 ఎంఎంది అలాంటిదే. లేత్‌లో వస్తువును పట్టి తిప్పే చక్‌లో కొంచెం గట్టిగా బిగించేసరికి గిన్నె మూతి గుండ్రం తప్పింది. కంటికి కనబడలేదు. ఇంటికొచ్చి మెషిన్‌కి పెట్టి నీళ్లు వదిలితే ఒక పక్క నుంచి కారుడే కారుడు. తప్పు మేస్త్రీది కాదు, అలాంటి పలచని దాన్ని తీసుకెళ్లిన నాది.

లేత్ షాపులో ఏం చెప్పాలి?

మన దగ్గర లేత్ షాపులు బతికేది బోరు మోటార్ల మీద, రైస్ మిల్లుల షాఫ్టుల మీద, ట్రాక్టర్ బుష్షుల మీద. కాఫీ మెషిన్ సామాను వాళ్లకు కొత్త, పని మాత్రం కొత్త కాదు. మిల్లు సీజన్‌లో వెళ్తే మీ వైపు చూసే తీరిక కూడా ఉండదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక, పని పలచబడ్డప్పుడు వెళ్లండి. బాస్కెట్ కూడా వెంట తీసుకెళ్లండి. మాటలతో చెప్పేకన్నా బాస్కెట్‌ను గిన్నెలో కూర్చోబెట్టి, "అన్నా, ఈ జాలి అడుగంతా కింది నుంచి కనబడాలి, పై భాగం ముట్టొద్దు" అంటే సగం పని అయిపోయినట్టే.

ఇంటి దగ్గరే చేసుకుని వెళ్లాల్సినవి: ముక్కు విప్పేయండి, మరతో ఉంటుంది. హ్యాండిల్ కర్ర కూడా విప్పేయండి. లేత్ తిరిగేటప్పుడు హ్యాండిల్ ఉంటే గదలాగా తిరిగి చేతులు విరగ్గొడుతుంది. బాస్కెట్‌ను పట్టి ఉంచే లోపలి స్ప్రింగ్ తీగ తీసి జేబులో వేసుకోండి, షాపులో కిందపడితే ఇనుప పొట్టులో దొరకదు.

బిగించే పద్ధతి: మూడు దవడల చక్‌ను గిన్నె మూతి లోపల పెట్టి, బయటికి తెరిచి పట్టించడం. అప్పుడు అడుగు మేస్త్రీ వైపు ఉంటుంది. దవడలకీ గిన్నెకీ మధ్య పలచని రేకు ముక్కో మందం కాగితమో పెట్టమనండి, స్ప్రింగ్ కూర్చునే గాడి చెడిపోకుండా. గట్టిగా బిగించొద్దు, కోత పలచపలచగా తీయాలి. హ్యాండిల్ విప్పినా దాని మొదలు ఒక పక్క పొడుచుకుని ఉంటుంది కాబట్టి స్పీడ్ తక్కువలో పెట్టాలి, ఆ దరిదాపుల్లో చెయ్యి పెట్టకూడదు.

ఇంకో సంగతి మేస్త్రీలకు తెలిసిందే, గుర్తు చేస్తే చాలు. ఇత్తడి టూల్‌ను లోపలికి లాక్కుంటుంది. ఇనుముకు నూరిన టూల్‌తోనే దూకితే పట్టేసి గిన్నె చక్‌లోంచి ఊడి వస్తుంది. టూల్ మొహం చదునుగా ఉంటే మెత్తగా పోతుంది. మా అన్న ముందు ఒక ఇత్తడి బుష్ ముక్క మీద కోసి చూసుకుని, ఆ తర్వాతే నాది ముట్టాడు. అలాంటివాడు దొరికితే అడిగినంత ఇచ్చేయండి.

ఎంత వెడల్పు కోయాలి?

అంకె అడగకండి, కొలవండి. బాస్కెట్ అడుగు వ్యాసం వెర్నియర్‌తో చూసి, దానికంటే 2 ఎంఎం ఎక్కువ. కాఫీ కోసిన అంచుకు తగలకుండా నేరుగా కిందికి జారాలి. గిన్నె లోపలి గోడ దానికంటే వెడల్పుగా ఉంటే కింద చిన్న పెదవి మిగులుతుంది, ఉండనివ్వండి, గుండ్రం చెడకుండా కాపాడుతుంది. పెదవి మరీ లోపలికి ఉంటే మాత్రం కాఫీ దాని మీద పడి పక్కలకు పాకుతుంది, అప్పుడు కోయించిన ప్రయోజనమే లేదు.

బాస్కెట్ నిలబడేది పై అంచు మీద, అడుగు మీద కాదు. కాబట్టి అడుగు పోయినా జారిపడుతుందన్న భయం అక్కర్లేదు.

లేత్ దాకా ఎందుకు, ఇంట్లో డ్రిల్లు, హోల్ సా ఉన్నాయి. సరిపోవా?

చేతి డ్రిల్లుతో అయితే వద్దు. 50 ఎంఎం దాటిన హోల్ సా (డ్రిల్లుకు బిగించే గుండ్రటి రంపం) ఇత్తడిలో పట్టేస్తే డ్రిల్లు మణికట్టును తిప్పేస్తుంది. స్టాండ్ డ్రిల్లు, బెంచ్ వైస్ ఉంటే చేయొచ్చు. మధ్యలో ముక్కు కోసం ఉన్న మర బొక్క అడ్డం వస్తుంది. హోల్ సా మధ్యలోని చిన్న డ్రిల్లుకు అక్కడ పట్టు దొరకదు. ఆ బొక్కలో కర్రముక్క బిగువుగా దిగ్గొట్టి, దాని నడిమధ్య గుర్తు పెట్టుకుంటే పని జరుగుతుంది. బై మెటల్ హోల్ సా తీసుకోండి, నిమిషానికి 200, 300 చుట్లు దాటనివ్వకండి. కళ్లద్దాలు తప్పనిసరి, చేతి గ్లౌజులు మాత్రం వద్దు, తిరిగేదాంట్లో చుట్టుకుంటాయి. కావాల్సిన సైజు మన హార్డ్‌వేర్ షాపుల్లో దొరక్కపోతే సికింద్రాబాద్ రాణిగంజ్‌లో వెతకండి.

యాంగిల్ గ్రైండర్‌తో కోశామని ఇద్దరు ఫొటోలు పంపారు. ఎలక కొరికినట్టుంది.

కోసిన అంచును ఏం చేయాలి?

ఆకురాయితో లోపల, బయట పదును చంపండి. తర్వాత 400, 600, 1000 నంబర్ వాటర్ పేపర్లతో తడిపి రుద్దండి. వేలు చుట్టూ తిప్పితే ఎక్కడా గీసుకోకూడదు. ఆపైన సబ్బు, వేడినీళ్లు, టూత్‌బ్రష్. ముఖ్యంగా స్ప్రింగ్ గాడిలో ఇత్తడి పొట్టు ఇరుక్కుని ఉంటుంది, అది కప్పులో పడకూడదు.

పూత పోయి ఇత్తడి బయటపడింది. ఆరోగ్యానికి ఏమైనా అవుతుందా? కళాయి పెట్టించొచ్చా?

ఈ ప్రశ్న ఎక్కువగా అడిగేది పెద్దవాళ్లు. ఇత్తడి గిన్నెలో పులుపు పెట్టకూడదని తెలిసిన తరం కదా. వాళ్ల భయం సరైనదే. కాఫీకి కూడా కొంత పులుపు గుణం ఉంటుంది. పైగా లేత్ మీద సులువుగా తెగే ఇత్తడి రకాల్లో 2, 3 శాతం దాకా సీసం కలుపుతారు.

దీనికి జవాబు పైన చెప్పిన కొలతలోనే ఉంది. కోత బాస్కెట్ కంటే వెడల్పుగా ఉంటే కాఫీ ఇత్తడిని తాకకుండానే కప్పులో పడుతుంది. ముక్కున్న పోర్టాఫిల్టర్‌లో పూత లేచిపోయి, కాఫీ ఆ ఇత్తడి మీదుగా పారడం కన్నా ఇది మేలు. అయినా మనసు ఒప్పకపోతే హైదరాబాద్‌లో ప్లేటింగ్ చేసే చోట నికెల్ పూత వేయించండి. లేదా స్టెయిన్‌లెస్ స్టీల్‌ది కొనేయండి, ఆ ఆలోచనే ఉండదు.

కళాయి వద్దు. తగరం కరగాలంటే 232 డిగ్రీలు కావాలి. ఆ వేడికి, రుద్దుడికి బయటి క్రోమ్ మెరుపు పోతుంది, కరిగిన తగరం స్ప్రింగ్ గాడిలోకి దిగిందంటే ఇంకో తలనొప్పి. చింతపండుతో తోమి మెరిపించే ఆలోచన కూడా మానుకోండి.

అడుగు తీసేస్తే 9 బార్ల ఒత్తిడికి విరగదా?

విరగదు. ఒత్తిడి మోసేది అడుగు కాదు, చెవులు. లెక్క చూడండి: 58 ఎంఎం వృత్తం వైశాల్యం సుమారు 26 చదరపు సెంటీమీటర్లు. 9 బార్లంటే ఒక్కో చదరపు సెంటీమీటర్ మీద 9 కిలోల పైచిలుకు. అంటే మొత్తం దాదాపు 240 కిలోలు, అయిదు సిమెంటు బస్తాల బరువు. 51 ఎంఎంలో అయితే 185 కిలోలకు పైనే. ఇంత బరువూ ఆ రెండు మూడు చెవుల మీద వేలాడుతుంది. అందుకే బిగుతుగా ఎక్కుతోందని చెవులను ఆకురాయితో రుద్దకండి. షాట్ నడుస్తుండగా హ్యాండిల్ అసలే తిప్పకండి. కాలిపోతారు.

మొదటి షాట్‌కే చొక్కా, గోడ, మెషిన్ అంతా కాఫీ మయం. పోర్టాఫిల్టర్ చెడిందా?

అది చెడలేదు, మీ పాత అలవాటు బయటపడింది. అందరికీ మొదటి వారం ఇంతే. ముందు ఒక పాత బట్ట సిద్ధంగా పెట్టుకుని, వంగి చూడటానికి నడుము సహకరించకపోతే పాత బైక్ అద్దం ఒకటి కప్పు పక్కన ఏటవాలుగా ఆనించండి. నేను అదే వాడుతున్నా.

సింగిల్ వాల్ బాస్కెట్‌లో 18 గ్రాముల పొడి వేసి, 25 నుంచి 30 సెకన్లలో 36 గ్రాముల కాఫీ రావడం మొదటి గురి. 51 ఎంఎంలో బాస్కెట్‌ను బట్టి 14, 16 గ్రాములు పడుతుంది, అప్పుడూ కాఫీ దానికి రెట్టింపే. సరిగ్గా వస్తే కొద్ది సెకన్లకు అడుగంతా ముదురు చుక్కలు పుడతాయి, అవి మధ్యకు చేరి ఒకే ధారగా మారతాయి, కాసేపటికి ధారలో ముదురు, లేత చారలు కనిపిస్తాయి. చూడటానికి తేనె జారుతున్నట్టుంటుంది.

సరిగ్గా రానప్పుడు ఏం కనిపిస్తుందో చూసి కారణం పట్టుకోవాలి. చుక్కలు ఎప్పుడూ ఒకే పక్క ముందు పుడుతుంటే ట్యాంపర్ వంకరగా నొక్కుతున్నారు. మోచేయి ట్యాంపర్‌కు సరిగ్గా పైన ఉండేలా నిలబడండి. అంచుల చుట్టూ ముందే కారి మధ్య ఎండిపోయి ఉంటే పొడి మధ్యలో గుట్టపడి అంచుల్లో పలచగా ఉంది. సూదిలాంటి ధార పక్కకు చిమ్మితే అక్కడ పొడిలో ఉండకట్టి, దాని పక్కన సందు ఏర్పడింది. నీళ్లకు ఆ సందు దొరికితే చాలు, చెరువు కట్టకు గండి పడ్డట్టు అటే పోతాయి. దీన్నే చానెలింగ్ అంటారు. సందు దగ్గర పొడి అతిగా పిండబడి చేదు దిగుతుంది, మిగతా చోట సారం పొడిలోనే ఉండిపోయి కాఫీ పుల్లగా ఉంటుంది. ఒకే కప్పులో చేదూ పులుపూ రెండూ తగిలితే ఇదే కారణం.

15 సెకన్ల దాకా చుక్క రాకుండా, ఆ తర్వాత ఒక్కసారిగా చిమ్మితే గ్రైండ్ మరీ సన్నం, లేదా పొడి ఎక్కువ. దీనికి ఒక పరీక్ష ఉంది. ట్యాంప్ చేసిన పొడి మీద కడిగిన రూపాయి బిళ్ల పెట్టి, మెషిన్‌కి బిగించి, నీళ్లు వదలకుండానే విప్పేయండి. బిళ్ల పొడిలో దిగబడితే పొడి తగ్గించాలి. పొడికీ, పైనుంచి నీళ్లు చల్లే షవర్ జల్లెడకీ మధ్య ఆ మాత్రం సందు ఉండాలి.

అంతా సరిగ్గా చేసినా చిమ్ముతుంటే గింజల ప్యాకెట్ మీద తేదీ చూడండి. నిన్న మొన్న వేయించిన గింజల్లో గ్యాస్ ఎక్కువ, వారం పది రోజులు ఆగాలి. నెలల తరబడి తెరిచి ఉన్నవైతే ఎంత సన్నగా పట్టినా నీళ్లలా జారుతుంది. మన ఎండాకాలం 44 డిగ్రీల్లో వంటగట్టు మీద ఉంచిన ప్యాకెట్ గురించి ఇక చెప్పేదేముంది.

ఒక్కసారికి ఒక్కటే మార్చండి. గ్రైండూ, తూకమూ, ట్యాంపింగూ కలిపి మార్చి "బాగైంది" అంటే ఏది బాగు చేసిందో మీకే తెలీదు.

పొడిని సూదులతో కలపడం నిజంగా పనిచేస్తుందా?

చేస్తుంది. ఖర్చు లేని మందు అదొక్కటే. పొడిని బాస్కెట్‌లో వేశాక సన్నని సూదులతో అడుగుదాకా గుండ్రంగా కలిపి ఉండలు విడగొట్టడం. 2005లో జాన్ వైస్ అనే ఆయన దీన్ని చెప్పారు, అందుకే వైస్ పద్ధతి అంటారు. సూది 0.3, 0.4 ఎంఎం మందం ఉంటే చాలు. కుట్టు సూదులు మరీ లావు, అవి కలపవు, దున్నుతాయి. ఆక్యుపంక్చర్ సూదులు నాలుగైదు ఒక బెండు ముక్కలో గుచ్చుకోండి. అదే సూదులను అందమైన డబ్బాలో పెట్టి వెయ్యి రూపాయలకు అమ్ముతున్నారు, మీ ఇష్టం.

బోరు నీళ్లు పోయొచ్చా?

నల్లగొండలో ఈ ప్రశ్న రాకుండా ఉంటుందా! నీళ్లలో ఫ్లోరైడ్ తీసే పద్ధతికే మన ఊరి పేరుంది, పటిక, సున్నంతో చేసే నల్లగొండ టెక్నిక్. బోరు నీళ్లు మెషిన్‌లో పోయకండి, రెండు కారణాలు. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, ఆవిరి పోయినకొద్దీ మిగిలిన నీళ్లలో చిక్కబడుతుంది కూడా. రెండోది, ఆ నీళ్ల గట్టిదనానికి బాయిలర్ లోపల, షవర్ జల్లెడలో తెల్లగా పొర కడుతుంది. జల్లెడలో సగం బెజ్జాలు మూసుకుపోతే నీళ్లు పొడి మీద ఒక పక్కే పడతాయి. బాటమ్‌లెస్‌లో అది అచ్చం వంకర ట్యాంపింగ్‌లాగే కనిపిస్తుంది. దేవరకొండ నుంచి ఒకాయన మూడు వారాలు ట్యాంపింగ్ సరిచేసుకుంటూ కూర్చున్నాడు, చివరికి చూస్తే జల్లెడ మూసుకుపోయి ఉంది.

అలాగని ఉత్త ఆర్‌ఓ నీళ్లు కూడా సరికాదు. ఖనిజాలు మరీ లేని నీళ్లతో కాఫీ చప్పగా ఉంటుంది, కొన్ని మెషిన్ల నీటిమట్టం సెన్సర్లు ఆ నీళ్లను గుర్తించవు. కాఫీకి నీళ్ల టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన ఖనిజాల లెక్క, 150 దగ్గర ఉంటే బాగుంటుందంటారు. నేను ఆర్‌ఓ నీళ్లలో కొంచెం నల్లా కృష్ణా నీళ్లు కలిపి, చవక టీడీఎస్ మీటర్‌తో చూసుకుంటా.

ఫిల్టర్ కాఫీ పొడితో చేయొచ్చా?

చికోరీ కలిసినదైతే చేయకండి. చికోరీ తడిస్తే జిగురుగా మారి బాస్కెట్ బెజ్జాలు మూస్తుంది. చికోరీ లేని పొడైనా షాపువాళ్లు ఇత్తడి ఫిల్టర్‌కు తగ్గట్టు పట్టి ఇస్తారు, మీ మెషిన్‌కి అది కుదిరితే అదృష్టమే. చిక్కమగళూరువి గానీ అరకువి గానీ గింజలే కొనండి. కొంచెం రోబస్టా రకం గింజలు కలిసినవైతే నురగ బాగా కడుతుంది, పాలలో కూడా రుచి నిలుస్తుంది. మన ఇళ్లలో ఎలాగూ పాలు పోయకుండా తాగేవాళ్లు ఒకరో ఇద్దరో.

ఒక షాట్‌ను రెండు కప్పులకు ఎలా పంచాలి?

ముక్కులు లేవు కాబట్టి నేరుగా కుదరదు. చిన్న స్టీలు గ్లాసులోకి దింపి, చెంచాతో కలిపి పంచండి. కలపకుండా పోస్తే మొదటి కప్పు ఒక రుచి, రెండోది ఇంకో రుచి.

కఫేలో రోజంతా ఇదే వాడొచ్చా?

మహబూబ్‌నగర్‌లో కఫే పెట్టబోతున్న తమ్ముడు అడిగాడు. పొద్దున షాపు తెరవగానే గ్రైండ్ సరిచేసుకోవడానికి, కొత్త పిల్లలకు పని నేర్పడానికి ఇంతకంటే మంచిది లేదు. రద్దీ వేళల్లో మాత్రం రెండు ముక్కులదే పెట్టు. కస్టమర్ ముందు ఒక్క షాట్ చిమ్మినా కౌంటర్ తుడుచుకునేలోపు లైన్ పెరుగుతుంది.

కొత్తది పెడితే హ్యాండిల్ మధ్యకు రాకుండా దాటిపోతోంది. ఏం చేయాలి?

మెషిన్‌కి ఎదురుగా నిలబడితే బిగించిన హ్యాండిల్ దాదాపు మీ వైపు చూడాలి. అది దాటి కుడి పక్కకు పోతోందంటే, పాత పోర్టాఫిల్టర్ కూడా అలాగే పోతోందా చూడండి. రెండూ పోతుంటే గ్రూప్ లోపలి రబ్బరు గ్యాస్కెట్ అరిగింది, మార్చండి. కొత్తది ఒక్కటే పోతుంటే దాని చెవులు పలచన, తిరిగి పంపేయండి. అసలు మధ్యదాకా రాకుండా ఎడమ పక్కనే ఆగిపోతే బలం పెట్టి తిప్పకండి. గ్యాస్కెట్ కొత్తదైతే కొన్ని వారాల్లో సర్దుకుంటుంది, పాతదైతే పైన ఎండిన కాఫీ పొడి గట్టిపడి ఉంటుంది, స్క్రూడ్రైవర్ మొనతో గీకి తీసి మళ్లీ చూడండి.